పక్కవాద్యం వారి ఆల్బం

కళావతి గొంతు పోయి తొమ్మిదేళ్లయింది. చెప్పాపెట్టకుండా పోలేదు. మెడ మీద గడ్డ తియ్యబోయే ముందే డాక్టరు చెప్పాడు, స్వరం దెబ్బతినొచ్చు, ఆలోచించుకోండి అని. అప్పటికి ఆమె భర్త సింహాచలం బతికే ఉన్నాడు. ఆయనే ముందుకొచ్చి, "మాకు మనిసి కావాలండి" అనేశాడు. ఆమెనే అడిగి ఉంటే ఏం చెప్పేదో మనకు తెలీదు, ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె మాట గాలి పోతున్న సైకిలు ట్యూబులా బుస్సుమంటూ బయటికొస్తుంది. కూరల బండివాడు రెండుసార్లు "ఏటమ్మా?" అంటే గానీ ఆమె అడిగింది వంకాయలో బెండకాయలో తేలదు.

ఇదే మనిషి ఒకప్పుడు బలిఘట్టం పందిట్లో కరెంటు పోతే, మైకు లేకుండా కథ మొత్తం చెప్పేసి, ఏటి అవతల పడుకున్నవాళ్లను కూడా లేపి కూర్చోబెట్టిందంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో నర్సీపట్నంలో నవమి పందిరి వేస్తే కళావతి హరికథ ఉండాల్సిందే. లేకపోతే కమిటీవాళ్లు తలెత్తుకు తిరగలేకపోయేవారు. గొలుగొండ నుంచి బళ్లు కట్టుకొచ్చేవారు, నాతవరం నుంచి నడిచొచ్చేవారు, కొండ మీది నుంచి సంతకు దిగినవాళ్లు ఆ పూటకు ఆగిపోయి కథ విని మర్నాడు వెళ్లేవారు.

పుట్టింది కోటవురట్ల పక్కన ఒక పల్లెలో. తండ్రి చెరుకు రైతు. బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర నిలబడి, ఎక్కడో చేను చివర ఉన్న అన్నలను అన్నానికి పిలవడం ఆ పిల్ల పని. ఆ పిలుపు ఒకనాడు ఆ దారిన పోతున్న ఒక ముసలి హరిదాసు చెవిన పడింది. ఆయన బండి ఆపించి దిగి వచ్చి, ఈ పిల్లను నాకివ్వండి, కథ నేర్పుతాను అన్నాడు. ఆడపిల్ల కాలికి గజ్జె కట్టి పదిమందిలో ఎగరడమేమిటని తండ్రి మండిపడ్డాడు. తల్లి మాత్రం, ఇది ఇంట్లో ఉన్నా ఊరంతా వినేలాగే అరుస్తుంది, ఆ అరిచేదేదో దేవుడి పేరైనా అరవనీ అంది. అలా కళావతి చేతికి చిడతలొచ్చాయి.

ఆమెకున్న పేరల్లా ఊపిరి గురించి. పాడుతూ ఉంటే ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. ముఖ్యంగా, అడవిలో తప్పిపోయిన బిడ్డను వెతుక్కుంటూ తల్లి ఏడ్చే ఘట్టం ఒకటి ఉంది, ముఖారి రాగంలో. అది మొదలుపెడితే ఎక్కడా తెగేది కాదు. పాట తెగితే కదా కన్నీళ్లు తుడుచుకోవడం, తెగేది కాదు కాబట్టి ఆడవాళ్లు తుడుచుకోకుండానే ఏడ్చేవారు. "ఊపిరి తియ్యని కళావతి" అని పోస్టర్ల మీద వేసేవారు. ఆమె కూడా అది నమ్మింది. ఎవరికైనా తన గురించి ఊరు మొత్తం ఒకే మాట అంటుంటే నమ్మబుద్ధేస్తుంది.

ఆమె వెనక ఇద్దరు కూర్చునేవారు. కుడి పక్క మృదంగం, సింహాచలం. ఆయన మొదట మృదంగం వాయించడానికి వచ్చి, తర్వాత మొగుడయ్యాడు. ఎడమ పక్క వయొలిన్, జగదీశ్వరరావు. పగలంతా మెయిన్‌రోడ్డులో దర్జీ పని, సాయంత్రమైతే వయొలిన్ పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. మితభాషి. కళావతిని "సెల్లెమ్మా" అనేవాడు, ఆమె "అన్నయ్యా" అనేది. ఆ రెండు పిలుపులతో ఊరి నోళ్లకు తాళం పడిపోయింది. కథ జరుగుతున్నంతసేపూ ఆయన చూపు ఆమె నోటి మీదే ఉండేది. ఆ పెదవి ఎటు కదిలితే ఆయన కమాను అటు కదిలేది. ఎంత కొత్త వరస ఎత్తుకున్నా ఆయన వెనకబడింది లేదు, ముందుకు దూకింది అంతకన్నా లేదు.

అంత పనివాడికి దక్కిన మర్యాద ఏమిటంటే, పోస్టరు మీద కళావతి పేరు అరచెయ్యంత అక్షరాలతో ఉండేది, దాని కింద "మృదంగం సింహాచలం" అని ఉండేది, దాని కింద "వయొలిన్ సహకారంతో" అని ఉండేది. ఎవరి సహకారమో ఉండేది కాదు. పోస్టరు రాయించేవాడు సింహాచలమే. కావాలని చేశాడని కాదు, జాగా చాలలేదనేవాడు. జగదీశ్వరరావు కూడా ఎప్పుడూ అడగలేదు, అడిగే రకం కాదు. మైకుసెట్టువాడు కూడా అంతే. ఉన్న రెండు మైకుల్లో ఒకటి ఆమెకు, రెండోది మృదంగానికి. వయొలిన్‌కి, మృదంగం మైకు కొంచెం అటు తిప్పితే ఎంత పడితే అంత.

కళావతి గొంతు పోయాక మేళం విడిపోయింది. మరి కొన్నేళ్లకు సింహాచలం పోయాడు. జగదీశ్వరరావుకు మెల్లగా చెవుడొచ్చింది. చెవిలో మిషను పెట్టుకుంటే దగ్గరి మాటలు వినబడతాయి గానీ, పాట మాత్రం పాటలా వినబడదు. అందుకని వయొలిన్ పెట్టె అటక ఎక్కింది. అప్పుడప్పుడు కళావతి ఆయనింటికి వెళ్లేది. ఒకరికి గొంతు లేదు, ఒకరికి చెవి లేదు, ఇక వీళ్లేం మాట్లాడుకుంటారని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవారు. వాళ్లకు తెలియనిదేమిటంటే, జగదీశ్వరరావుకు ఆమె మాట వినక్కర్లేదు. అన్నేళ్లు ఆ నోటి వంకే చూసినవాడు, ఆమె పెదాలు కదిలితే చాలు, గబగబా జవాబు చెప్పేసేవాడు. ఈ భూమ్మీద ఆమెను "ఏటమ్మా?" అని రెండోసారి అడగని మనిషి ఆ చెవిటాయన ఒక్కడే.

ఆయన కొడుకు వీరేంద్ర. నలభై దాటినవాడు, పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, డ్రోన్ ఎగరేస్తాడు, కంప్యూటర్ల మీద ఎడిటింగ్ చేస్తాడు. వాడు చిన్నప్పుడు పందిళ్లలో కళావతి ఒళ్లో నిద్రపోయినవాడే, అందుకే "అత్తా, నువ్వు" అంటాడు. కొన్ని నెలల కిందట ఒక రోజు వాడు ఇంటికొచ్చి, నాన్న యాభై ఏళ్ల వాయిద్యమంతా ఒక్కచోట చేర్చి ఆల్బం చేస్తున్నానని చెప్పాడు. పెన్‌డ్రైవులు పంచుతాను, యూట్యూబులో పెడతాను, కల్యాణ మండపంలో ఫంక్షను చేస్తాను అన్నాడు. రికార్డింగులు మాత్రం తన దగ్గర లేవు. జగదీశ్వరరావు వాయించిందంతా కళావతి కథల్లోనే ఉంది. వేరేగా ఆయన్ని కూర్చోబెట్టి రికార్డు చేసిన నాథుడు లేడు.

కథ అయ్యాక మైకుసెట్టువాళ్లు ఒక కేసెట్టు కమిటీకి, ఒకటి కళావతికి ఇవ్వడం ఆ రోజుల్లో ఆనవాయితీ. కమిటీల దగ్గరివి మర్నాడు బూరా మైకుల్లో వేసి వేసి అరిగిపోయాయి. మిగిలినవి కళావతి బిస్కట్ల డబ్బాలో దాచుకున్నవే. దాచుకుందే గానీ, ఆపరేషన్ అయిన నాటి నుంచి ఒక్కటీ వినలేదు. టేప్‌రికార్డరు పాడైందని అందరికీ చెప్పేది. అసలు సంగతి భయం. బుస్సుమనే ఈ గొంతుతో కూర్చుని ఆ గొంతు వినడమంటే, తన దినానికి తనే భోజనానికి వెళ్లినట్టుంటుందని ఆమెకు అనిపించేది.

అయినా డబ్బా మొత్తం తెచ్చి వీరేంద్ర చేతిలో పెట్టింది. వాడు అడిగిన తీరుకు కాదనలేకపోయింది. తిరిగి ఎప్పుడు తెమ్మంటావత్తా అని వాడు అడిగితే, ఈ కేసెట్లు నాకెందుకురా, వేసుకోవడానికి మిషనేమన్నా ఉందా, పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చెయ్, అదే పదివేలు అని తనే చెప్పింది. వాడు వెళ్లాక ఆమెకు చెప్పలేనంత హుషారొచ్చింది. తొమ్మిదేళ్లుగా ఒంటరిగా వినలేకపోయిన గొంతును ఇప్పుడు ఊరందరి మధ్య కూర్చుని వినబోతోంది. పదిమందిలో ఐతే ఆ ఏడుపు కూడా పెళ్లిలో ఏడుపులా ఉంటుందని సమాధానపడింది. చెల్లెలి కూతురు మంగ ఆమెకు తోడుగా ఉంటుంది. ఆ పిల్లను తీసుకుని వెళ్లి చీర కూడా కొనుక్కుంది. పాత రోజుల్లో కట్టిన రంగే, ఆకుపచ్చకు ఎర్రంచు.

ఆదివారం పొద్దున్న పది గంటలకు ఫంక్షను. మండపం ముందు ఫ్లెక్సీ చూసి కళావతికి నవ్వొచ్చింది, గర్వం కూడా కలిగింది. జగదీశ్వరరావు బొమ్మ మనిషెత్తు, పేరు దూలమంత. "కమాను: యాభై ఏళ్ల వయొలిన్ జగదీశ్వరరావు" అని ఉంది. ఇన్నాళ్లకు అన్నయ్య పేరుకు జాగా దొరికిందని మంగతో అంది. తన పేరెక్కడైనా ఉందా అని కళ్లు వెతికాయి. ఎంతైనా మనిషే కదా. ఎక్కడా లేదు. సరే, పక్కనుండే మనిషికి పెళ్లి జరుగుతుంటే మనం బాసికం కట్టుకోవాలా అని తనను తనే మందలించుకుంది.

లోపల ఉప్మా, కాఫీ అయ్యాయి. స్టేజీ మీద జగదీశ్వరరావును దండ వేసి కూర్చోబెట్టారు. ఆయన ఆ దండలో ఇరుక్కుపోయి, ఎవరిదో పెళ్లికి వచ్చి తప్పు కుర్చీలో కూర్చున్నవాడిలా దిక్కులు చూస్తున్నాడు. ఆయనకు రెండు పక్కలా నిలువెత్తు సౌండు బాక్సులు. పాత శ్రోతలు చాలామందే వచ్చారు. నెరిసిన జుట్ల ఆడవాళ్లు కళావతిని గుర్తుపట్టి చేతులు పట్టుకున్నారు, ముఖారి ఉందా అమ్మా అందులో అని అడిగారు. ఉందని ఆమె తలూపింది. ముందు వరసలో కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంది.

వీరేంద్ర మీట నొక్కాడు. వయొలిన్ మొదలైంది. రాగం తీస్తున్నాడు అన్నయ్య, బాగుంది. కళావతి కళ్లు మూసుకుంది. ఆ రాగం ఆమెకు తెలుసు, ఆ కథ ఏ ఊరిదో కూడా తెలుసు. ఇప్పుడు మృదంగం పడుతుంది, పడగానే తను ఎత్తుకుంటుంది. సింహాచలం దెబ్బ పడింది. ఆమె పెదాలు వాటంతటవే విడివడ్డాయి. గొంతు మాత్రం రాలేదు.

తన గొంతు సంగతి కాదు, అది ఎలాగూ రాదు. బాక్సులోంచి రావలసిన గొంతు రాలేదు. మృదంగం నడుస్తోంది, వయొలిన్ నడుస్తోంది. మధ్యలో పాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె కళ్లు తెరిచి చుట్టూ చూసింది. అందరూ హాయిగా వింటున్నారు, ఒకాయన తొడ మీద తాళం కూడా వేస్తున్నాడు. తనకూ చెవుడొచ్చిందేమో అనుకుంది. నిజంగానే అనుకుంది. మంగ చెయ్యి పట్టుకుని, నీకు వినిపిస్తోందా నా గొంతు అని అడిగింది.

"ఇంకా రానేదు పెద్దమ్మా. ముందర మ్యూజిక్కు అవుతాది కాబోలు" అంది మంగ.

ముందర మ్యూజిక్కు కాదు. చరణం అయిపోయింది, రెండో చరణం కూడా అయిపోయింది, కథలో పెళ్లివారు విడిదికి వచ్చేశారు. ఆ మాటలన్నీ కళావతికి తెలుసు, ఆ హాల్లో ఇంకెవరికీ తెలియనక్కర్లేదు. తర్వాత ఇంకో ఊరి కథ, దాని తర్వాత ఇంకోటి. అన్నిట్లో మొగుడున్నాడు, అన్నయ్య ఉన్నాడు. ముగ్గురు కలిసి బతికిన బతుకులో ఆమె ఒక్కర్తే లేదు. ఆమె నోరు తెరుచుకునే ఉంది, మూసుకోవాలన్న సంగతి కూడా తోచలేదు.

అప్పుడు ముఖారి వచ్చింది.

వెనక వరసల్లోంచి ముసలమ్మలు ఆహా అన్నారు. కళావతి మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని వింటోంది. ఎన్ని వందలసార్లు పాడిందో, కానీ ఆ వయొలిన్‌ను ఎప్పుడూ వినలేదు. వినే తీరిక ఆమెకెక్కడిది, పాడుతూ ఉండేది కదా. వింటుంటే ఒక వింత తెలిసింది. తను పాడే చోట అన్నయ్య కమాను సన్నగా, ఉందా లేదా అన్నట్టు నడుస్తోంది. ఉండుండి ఒక్క క్షణం మాత్రం పైకి లేస్తోంది, లేచి మళ్లీ ఒదిగిపోతోంది. ఎందుకు లేస్తున్నాడు? ఆమె లోలోపలే మాటలు పాడుకుంటూ పట్టి చూసింది. "ఏ చెట్టు చాటున ఉన్నావురా" దగ్గర లేచాడు. "నీ అడుగుల గుర్తయినా లేదురా" దగ్గర మళ్లీ లేచాడు. మూడోసారి లేచినప్పుడు ఆమెకు తెలిసిపోయింది. అవి తను ఊపిరి తీసుకున్న చోట్లు.

ఊపిరి తియ్యని కళావతి ప్రతి పాదానికీ ఊపిరి తీసుకుంది, అందరు మనుషుల్లాగే. ఆ ఖాళీ జనానికి తెలియకుండా అన్నయ్య తన కమానుతో కప్పేశాడు. ఆమె గాలి పీల్చుకుని మళ్లీ ఎత్తుకునేదాకా ఆ స్వరాన్ని పట్టుకుని నిలబడ్డాడు, ఆమె రాగానే అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. ఒక్కసారి కూడా ఆమెకు చెప్పలేదు. ఆ పేరు మోసుకుని ఆమె ఊళ్లన్నీ తిరిగింది, శాలువాలు కప్పించుకుంది. ఒకే పూటలో మనిషికి ఎన్ని దెబ్బలు? ఆల్బంలో గొంతు లేదని తెలిసి ఇంకా తేరుకోకముందే, ఆ గొంతుకున్న పేరులో సగం తనది కాదని తెలిసింది.

ఆమె లేచింది. మంగ పట్టుకోబోయింది, వద్దని తోసేసింది. స్టేజీ పక్కన బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడ్డ వీరేంద్ర దగ్గరికి వెళ్లింది. వాడు ఆమెను చూసి మొహమంతా నవ్వు చేసుకుని కుర్చీ లాగాడు. ఆమె కూర్చోలేదు. నా గొంతేదిరా అని అడిగింది. వాడు చెవి దగ్గరికి తెచ్చి మళ్లీ అడిగించుకున్నాడు. విన్నాక వాడి నవ్వు ఇంకాస్త పెద్దదైంది.

"అదే అత్తా స్పెషలు. ఇప్పుడు దానికి సాఫ్ట్‌వేర్ ఉంది. నీ వాయిస్ మొత్తం తీసీసాను. ఎక్కడా గీర కూడా నేకుండా క్లీన్‌గా ఒచ్చీసింది."

చేపను శుభ్రం చేసి ముల్లు తీసినవాడిలా ఎంత సంబరంగా చెప్పాడో. ఆమె బల్ల అంచు పట్టుకుంది. తీసిన గొంతును ఎక్కడ పెట్టావని అడిగింది. వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల గోక్కుని, కంప్యూటరు నిండిపోయిందని, పెళ్లిళ్ల సీజనుకు ఖాళీ చెయ్యాల్సి వచ్చిందని, అప్పుడు అసలు రికార్డింగులతో పాటు అదీ డెలీట్ కొట్టేశానని చెప్పాడు. కేసెట్లలో టేపులు ఒక్కపాలి తిరిగేసరికి పొట్టు రాలి ముక్కలైపోయాయట. నువ్వే అక్కర్లేదన్నావు కదా అని మున్సిపాలిటీ చెత్తబండికి వేసేశాడట. చెబుతూ చెబుతూ ఉండగానే వాడి మాట నెమ్మదించింది. తను ఏం చేశాడో అప్పటికి గానీ వాడి బుర్రకెక్కలేదు.

కళావతికి అర్థమైంది. అంటే ఇక లేదు. ఆ పిలుపు, చేను చివరి అన్నలను కదిలించిన ఆ పిలుపు, ఈ లోకంలో ఎక్కడా లేదు. ఆపరేషన్ నాడు పోయింది ఒంట్లో ఉన్నది మాత్రమే. డబ్బాలో ఉన్నదాన్ని తన చేతులతో తనే ఇచ్చేసింది, తిరిగి అక్కర్లేదని తన నోటితోనే చెప్పింది. వీడి చెంప పగలగొడదామని చెయ్యి లేచింది కూడా. వాడు ఆ చెయ్యి చూశాడు, తప్పుకోలేదు.

"సిన్నప్పట్నుంచీ సూత్తనే ఉన్నానత్తా" అన్నాడు వీరేంద్ర. వాడి కళ్లు నిండాయి. "పోస్టరు మీద నీ పేరుండీది, మాఁవ పేరుండీది. నాన్న పేరు ఒక్కపాలీ నేదు. పందిట్లో జనం నీ గొంతే ఇనీవోరు. నాన్న ఏటి వాయించాడో మాయమ్మ కూడా ఇనకుండా పోయింది. నాన్న ఇనపడాలనుకున్నాను, ఒక్కపాలి. దానికే తీసాను గానీ, నీ మీద కోపం కాదత్తా."

లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కాదనడానికి ఏముంది? "వయొలిన్ సహకారంతో" అన్న ఆ ముక్క ఆమె రోజూ చూసిందే, ఎవరి సహకారమని ఒక్కసారి కూడా అడగలేదు. కోపం ఎటు పోవాలో తెలియక గుండెల్లోనే తిరుగుతోంది. న్యాయం వాడి పక్కన ఉన్నంత మాత్రాన తన గొంతు తిరిగి రాదు కదా.

అంతలో స్టేజీ మీది నుంచి జగదీశ్వరరావు ఆమెను చూశాడు. రమ్మని చెయ్యి ఊపాడు. పక్కన కూర్చున్న పెద్దమనుషులను కాస్త జరగమని, ఆమెకు కుర్చీ వేయించాడు. ఆమె మెట్లెక్కి వెళ్లి కూర్చుంది. చెవిటివాళ్ల అలవాటు ప్రకారం ఆయన మాట పెద్దగా ఉంటుంది, ముందు వరసలకంతా వినబడింది.

"సెల్లెమ్మా, నీ గొంతెలాగొచ్చింది? నాకీ మిసన్లో రేకు మీద వాన పడ్డట్టుంది తప్ప ఏటీ తెలట్నేదు. నా వాయిద్యం ఎవులికి కావాలి? నీ గొంతు నిలబడతాదని ఆడికి సరేనన్నాను. బాగొచ్చిందా?"

కళావతి ఆయన మొహం వంక చూసి తల తిప్పేసుకుంది. అంటే ఈయనకూ తెలియదు. ఆల్బం మీద పేరు ఈయనది, బొమ్మ ఈయనది. ఆ దండ బరువంతా ఆమె కోసమే మోస్తున్నాడు ఈ పిచ్చి మనిషి. ఏం చెప్పాలి? బాగా వచ్చిందని అబద్ధం చెబితే ఆయన ఈ పూట సంతోషంగా ఇంటికెళ్తాడు. చెప్పకపోతే, రేపు ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా? అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది. పెదాలు చూసి మాట చదివే మనిషితో అబద్ధమాడటం ఎలాగో ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఆయన ఆమె జవాబు కోసం ఆగలేదు. కుర్చీ జరుపుకుని పక్కనున్న సౌండు బాక్సు మీద అరచెయ్యి ఆనించాడు. దర్జీ చెయ్యి, వేళ్ల చివర్లు అరిగిపోయిన చెయ్యి. లోపల ముఖారి ఇంకా నడుస్తోంది, వీరేంద్ర సౌండు బాగా పెంచి పెట్టాడు. బాక్సు అదురుతోంది. కాసేపటికి ఆయన మొహం వెలిగింది.

"అదిగో, నువ్వే" అన్నాడు. "నువ్వే సెల్లెమ్మా. నానింత గట్టిగా ఎప్పుడు వాయించాను?"

కళావతికి దుఃఖం ముంచుకొచ్చింది. తొమ్మిదేళ్లుగా రానంత, సింహాచలం పోయినప్పుడు కూడా రానంత. ఇక అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు. అది అబద్ధమని కూడా కాదు, అన్యాయమని. బతుకులో మొదటిసారి ఆయన వాయిద్యం అంత గట్టిగా ఊరి మధ్య మోగుతుంటే, దాన్ని కూడా తన పేరు మీద రాయించుకుంటుందా? ఆమె ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. పెదాలు మెల్లగా, ఒక్కో మాటా తెలిసేలా కదిపింది.

"నాను కాదన్నయ్యా. నా గొంతు తీసీసారు. అది నువ్వే. మొత్తం నువ్వే."

ఆయన నవ్వబోయాడు, హాస్యమాడుతోందనుకున్నాడు. ఆమె కళ్లు చూశాక నవ్వు ఆగిపోయింది. బాక్సు వంక చూశాడు. నిప్పు మీద పెట్టినట్టు అరచెయ్యి వెనక్కి తీసుకున్నాడు, తీసుకుని ఆ చేతిని చూసుకున్నాడు. మెట్లెక్కి వచ్చిన వీరేంద్ర ఆయన ముందు నిలబడ్డాడు. తిడతాడని, కొడతాడని, దండ తీసి విసిరేస్తాడని వాడు సిద్ధపడే వచ్చాడు. జగదీశ్వరరావు తిట్టలేదు. దారి తప్పిన మనిషి దారి అడిగినట్టు, కొడుకు మొహంలోకి చూసి అడిగాడు.

"మరి అందులో నానెవరి ఎనకాల వాయిత్తన్నాన్రా?"

బాక్సులోంచి వయొలిన్ సన్నగా సాగుతోంది, లేని మనిషి పక్కనే ఒదిగి నడుస్తోంది. ఇప్పుడు అది అందరికీ వినబడుతోంది. వెనక వరసలో ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. వీరేంద్ర గిరుక్కున తిరిగి మెట్లు దిగాడు, లాప్‌టాప్ మీద వంగి ఆపేసే మీట మీద వేలు పెట్టాడు.

అంత వయసులో కళావతి స్టేజీ ఎలా దిగిందో ఆమెకే తెలీదు. వాడి మణికట్టు పట్టుకుంది. గొంతు బుస్సుమంది, అయినా ఈసారి వాడు రెండోసారి అడగలేదు.

"ఆపకురా. అన్నయ్యని వాయించనీ."